మున్సిపల్ ఇంజనీరింగ్‌లో పనులకీ మనుషులకీ కలిపి షెడ్యూల్ ఏ సాఫ్ట్‌వేర్‌లో వేస్తున్నారు?

డ్రైన్_గారు:

అందరికీ నమస్కారం. మాది ఓ మోస్తరు నగర పాలక సంస్థ ఇంజనీరింగ్ విభాగం. రోడ్లు, డ్రైన్లు, తాగునీటి లైన్లు, ఆఫీసు భవనాల రిపేర్లు అన్నీ మా మీదే. ఇంజనీర్లు 9 మంది, సైట్ ఇన్‌స్పెక్టర్లు ఐదుగురు, సర్వేయర్లు ఇద్దరు, క్యాడ్‌లో (కంప్యూటర్ మీద) డ్రాయింగులు వేయడానికి ఒక్కరే. చేతిలో చిన్నా పెద్దా కలిపి 60 పనులు నడుస్తున్నాయి, నడుస్తున్నాయి అంటే ఫైల్ తెరిచి ఉంది అని.

ఇప్పుడు మా దగ్గర ఉన్నది ఒక ఎక్సెల్ షీట్. పని పేరు, అంచనా మొత్తం, ఎవరు చూస్తున్నారు, ఎంత శాతం అయింది, అంతే. అందులో పని ఏ దశలో ఉందో తెలుస్తుంది గానీ వచ్చే నెలలో ఎవరి చేతులు ఖాళీగా ఉంటాయో తెలియదు. కౌన్సిల్ మీటింగ్ అయిన మర్నాడు నాలుగు కొత్త పనులు వస్తాయి, పై అధికారి "ఎప్పటికి అవుతుంది" అంటారు, అందరం "నెల రోజులు సార్" అంటాం. ఆ నెల ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలీదు.

ఇంతకుముందు ఒక కన్సల్టెంట్ వచ్చి మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో బ్రహ్మాండమైన ఫైల్ తయారు చేసి ఇచ్చారు, ప్రతి పనినీ చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, బాణాలు, రంగులు అన్నీ పెట్టి. ఆయన వెళ్లిపోయాక దాన్ని అప్‌డేట్ చేసే నాథుడు లేడు. ఇప్పుడు మళ్లీ "ఏదో ఒక సాఫ్ట్‌వేర్ చూడండి" అని ఆ పని నాకు తగిలించారు. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్టా, ప్రైమవెరానా, ఇంకేదైనానా? పైపు పగిలింది, గుంత పడింది అని రోజూ వచ్చే ఫిర్యాదుల పనిని షెడ్యూల్‌లో ఎలా చూపిస్తున్నారు? సిబ్బంది చేత గంటలు రాయించాలా? వాడుతున్నవాళ్లు చెప్పండి, అమ్మేవాళ్లు వద్దు.

గాంట్_గీత:

మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ సరిపోతుందండి, మీ కన్సల్టెంట్ వాడిన తీరు మీకు సరిపడలేదంతే. మీ ప్రశ్న మనుషుల గురించి కాబట్టి మొదట చేయాల్సింది రిసోర్స్ పూల్. అంటే 17 మంది పేర్లు, వాళ్ల క్యాలెండర్లు ఒకే ఫైల్‌లో పెట్టి, మిగతా ప్రాజెక్ట్ ఫైళ్లన్నీ ఆ పూల్‌ని వాడుకునేలా కలపడం. అప్పుడు సర్వేయర్‌ని మూడు పనులు ఒకే వారంలో పిలిచాయనుకోండి, రిసోర్స్ యూసేజ్ వ్యూలో ఎర్రగా కనపడిపోతుంది. ఒక్క జాగ్రత్త, పూల్ ఫైల్ పేరు మార్చినా, వేరే ఫోల్డర్‌లోకి జరిపినా లింకులు తెగుతాయి, కాబట్టి దాని జోలికి ఒక్కరే వెళ్లాలి.

ఇక ఈ సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకునేవాళ్లలో సగం మందికి ఒక్క సూత్రం ఎవరూ చెప్పి ఉండరు. పని గంటలు అంటే వ్యవధిని యూనిట్లతో, అంటే మనిషి తన సమయంలో ఎంత శాతం ఇస్తున్నాడో దానితో, హెచ్చించడం. 10 రోజుల పనికి మనిషిని 50 శాతం మీద వేస్తే, రోజుకి 8 గంటల లెక్కన 40 గంటలు. ఈ మూడింటిలో ఏది కదలకూడదో టాస్క్ టైప్‌లో మీరే చెప్పాలి, చెప్పకపోతే మీరు ఒకటి మారిస్తే అది ఇంకోటి మార్చేస్తుంది, మీరేమో దెయ్యం పట్టిందనుకుంటారు. డిజైన్ లాంటి వాటికి ఫిక్స్‌డ్ వర్క్ (పని గంటలు కదలవు) పెట్టండి. టెండర్ గడువు, అనుమతుల కోసం ఎదురుచూపు లాంటి వాటికి ఫిక్స్‌డ్ డ్యూరేషన్ (వ్యవధి కదలదు) పెట్టి మనిషిని అసలు వేయకండి. వేరే శాఖలో ఫైల్ కూర్చున్నన్నాళ్లూ మీ ఇంజనీర్ దాని మీద పనిచేస్తున్నట్టు చూపించడం ఎంత అబద్ధమో ఆలోచించండి, అలాంటివి పది ఉంటే ఆ మనిషి కాగితం మీద చచ్చేంత బిజీ, నిజానికి ఫోన్ చేసి "ఫైల్ కదిలిందా" అని అడగడమే పని.

కాంక్రీట్ బలం కోసం 28 రోజులు ఆగడం లాంటి వాటికి ఎలాప్స్‌డ్ డేస్ (సెలవులు కూడా లెక్కలోకి వచ్చే రోజులు) వాడండి, కాంక్రీట్‌కి ఆదివారాలు, సెలవులు ఉండవు కదా. మామూలు పనిదినాల్లో పెడితే 28 రోజులు దాదాపు ఆరు వారాలు అయిపోతుంది.

ఫిర్యాదులకి ఒక్కో టాస్క్ పెట్టకండి. ఫీల్డ్ మనుషుల మ్యాక్స్ యూనిట్స్ (మనిషి సమయంలో ఎంత శాతం వరకు పనులకి వేయొచ్చో ఆ హద్దు) 100 బదులు 60కి దించండి, మిగతా 40 ఫిర్యాదులకి, మీటింగులకి, పై నుంచి వచ్చే ఫోన్లకి. మీ దగ్గర అది 50 అయినా కావచ్చు, పాత రిజిస్టర్లు చూసి తేల్చుకోండి. క్యాలెండర్‌లో పనిగంటలు తగ్గించి కూడా చేయొచ్చు గానీ, అప్పుడు రోజుకి ఎన్ని గంటలు అనే సెట్టింగ్‌తో పొంతన కుదరక వ్యవధులు విచిత్రంగా కనపడతాయి, ఆ గోల ఎందుకు.

లెవెలింగ్ బటన్ (మనిషి మీద భారం ఎక్కువైతే పనుల్ని తనే వెనక్కి జరిపేది) మాత్రం చూసుకుని నొక్కండి. ప్రతి పనికీ ప్రాధాన్యం 0 నుంచి 1000 వరకు ఇవ్వొచ్చు, మీరు ముట్టుకోకపోతే అన్నీ 500 దగ్గరే ఉంటాయి, 1000 ఇస్తే దాన్ని అసలు కదపదు. అన్నిటికీ 500 ఉంచి లెవెల్ చేస్తే ఏ పని ముందో అది తన లెక్కన తేలుస్తుంది, కౌన్సిల్ అడిగిన పని వచ్చే సంవత్సరానికి పోతుంది.

సైట్‌బూట్లు:

నేను ఇన్‌స్పెక్టర్‌ని, షెడ్యూల్‌లో "రిసోర్స్" అని రాసేది నన్నే, కాబట్టి నా వైపు నుంచి కూడా వినండి.

మా ఆఫీసులో ఇలాంటిదే పెట్టి అందరి చేత రోజూ గంటలు రాయించారు. ఏం జరిగిందో చెప్పనా, శుక్రవారం సాయంత్రం అందరం కూర్చుని వారం మొత్తానికి 8, 8, 8 అని కొట్టేవాళ్లం. ఏ ప్రాజెక్టుకి బడ్జెట్ హెడ్ ఉందో దానికి ఎక్కువ గంటలు పడేవి. ఆ లెక్కలతో తర్వాత ఎవరో "సగటు డ్రైన్ తనిఖీకి ఇన్ని గంటలు" అని ప్రమాణం తయారు చేశారు. అది చూసి నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

గాంట్ గారు చెప్పింది బాగుంది కానీ ఒకటి వదిలేశారు. సైట్ తనిఖీల తేదీలు మన చేతిలో ఉండవు, కాంట్రాక్టర్ చేతిలో ఉంటాయి. స్టీలు కట్టడం ఎప్పుడు అయితే అప్పుడు చూడాలి, చూడకుండా కాంక్రీట్ పోయనివ్వకూడదు. పైపులు వేశాక పరీక్ష చూసి గానీ మట్టి పూడ్చనివ్వకూడదు. ఇవి మీ షెడ్యూల్‌లో ఆరు నెలల ముందు తేదీ వేసి కూర్చుంటే ఒక్కటీ నిజం కాదు. మేం ఇప్పుడు చేసేది, ప్రతి కాంట్రాక్టర్ నుంచి వచ్చే మూడు వారాల ప్లాన్ తప్పనిసరిగా తీసుకుంటాం, అందులో మేం లేకుండా ముందుకు కదలకూడని దశలు ఏవో వాళ్ల చేతే గుర్తు పెట్టిస్తాం. ఆ తేదీలే నా షెడ్యూల్. ఇద్దరు కాంట్రాక్టర్లు ఒకే ఉదయం కాంక్రీట్ పెట్టుకుంటే అది సోమవారమే తెలిసిపోతుంది, ఒకరిని మధ్యాహ్నానికి జరపమంటాం.

ఇంకో మాట, మనిషిని పది పనుల మీద తలా 10 శాతం వేయడం మానేయండి దయచేసి. 10 శాతం అంటే రోజుకి 48 నిమిషాలు. ఊరి ఆ చివర సైట్‌కి వెళ్లి రావడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది.

క్యూలో_ఉన్నా:

ఇక్కడ అందరూ ఏ సాఫ్ట్‌వేర్, ఎలా పెట్టాలి అని మాట్లాడుతున్నారు. నాకు డ్రైన్ గారు చెప్పిన 60 అనే అంకె దగ్గరే ఆగిపోయింది కన్ను.

ఏడాదికి ఎన్ని పనులు పూర్తి చేస్తున్నారండి, అంటే చివరి బిల్లు అయ్యి ఫైల్ మూసేసినవి? ఉదాహరణకి 24 అనుకుందాం. లిటిల్స్ లా అని ఒకటి ఉంది, జాన్ లిటిల్ 1961లో రుజువు చేసింది, చాలా సాదా లెక్క. లోపల ఉన్న పనుల సంఖ్యని, పూర్తయ్యే వేగంతో భాగిస్తే ఒక పని సగటున ఎంతకాలం లోపల ఉంటుందో వస్తుంది. 60ని 24తో భాగిస్తే రెండున్నర ఏళ్లు. మీరు "నెల రోజులు సార్" అంటున్న పని సగటున రెండున్నర ఏళ్లు పడుతుంది, ప్రైమవెరా కొన్నా అంతే, గోడ మీద సుద్దతో రాసుకున్నా అంతే. తెరిచిన పనులు 30కి తగ్గించి, పూర్తయ్యే వేగం అలాగే ఉంచగలిగితే 15 నెలలు. మనుషుల్ని పెంచక్కర్లేదు, కొత్త ఫైల్ తెరవడం ఆపితే చాలు.

రెండో విషయం మీ క్యాడ్ మనిషి. ఒక్కరే అన్నారు. అందరి డ్రాయింగులూ ఆయన దగ్గరికే పోతాయి కదా. ఒకే మనిషి, పనులు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే మామూలు క్యూ లెక్క తీసుకుంటే, ఆయన సమయంలో 80 శాతం నిండి ఉన్నప్పుడు కొత్తగా వచ్చిన డ్రాయింగు తన వంతు కోసం ఆగే సమయం, ఒక డ్రాయింగు వేయడానికి పట్టే సమయానికి 4 రెట్లు. 90 శాతం నిండితే 9 రెట్లు, 95 అయితే 19 రెట్లు. డ్రాయింగుకి సగటున 3 రోజులు అనుకుంటే ఆగడమే వరసగా 12, 27, 57 రోజులు. అసలు మనుషులు, అసలు పనులు ఈ లెక్కలో అచ్చంగా ఇమడవు, కానీ వంపు మాత్రం అలాగే ఉంటుంది, చివర్లో నిటారుగా లేస్తుంది. మన దగ్గర ఏ మేనేజర్‌ని అడిగినా "అందరూ నూటికి నూరు శాతం బిజీగా ఉండాలి" అంటారు. అలా అన్నచోటే ఏ పనీ తెమలదు. గాంట్ గారు 60 పెట్టమన్నది ఫిర్యాదుల కోసం, నేనైతే ఫిర్యాదులు తీసేశాక కూడా ఇంకొంచెం ఖాళీ వదలమంటాను, ముఖ్యంగా ఆ ఒక్క మనిషికి.

షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్లకి పునాది అయిన క్రిటికల్ పాత్ పద్ధతి (ప్రాజెక్టు ముగింపు తేదీని తేల్చే అతి పొడుగు పనుల వరసని వెతకడం) 1950ల చివర్లో డ్యూపాంట్ కంపెనీ రసాయన ప్లాంట్ల పనుల్లో పుట్టింది. దానికి దగ్గరి చుట్టం లాంటి పెర్ట్ పద్ధతి అదే రోజుల్లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం వచ్చింది. రెండూ ఒక్క పెద్ద ప్రాజెక్టు, దానికి కావలసిన మనుషుల్ని తెచ్చిపెట్టే యాజమాన్యం ఉన్నచోట పుట్టినవి. మన దగ్గర 60 బుల్లి ప్రాజెక్టులు, కొత్త మనిషిని తెచ్చే అధికారం లేదు. ఏ ఒక్క పని క్రిటికల్ పాత్ చూసినా ప్రయోజనం తక్కువ, ఎందుకంటే ఆలస్యం పని లోపల లేదు, పనికీ పనికీ మధ్య మనిషి కోసం ఆగడంలో ఉంది.

డ్రైన్_గారు:

క్యూలో ఉన్నా గారూ, రాత్రి కూర్చుని పాత రిజిస్టర్ లెక్క తీశాను. మీరు ఊరికే అనుకున్న అంకెకి పెద్ద దూరంలో లేదు, అంతకన్నా ఏమీ అనను.

కానీ తెరిచిన పనులు తగ్గించడం అన్నది మా చేతిలో ఉందా అన్నదే సమస్య. ప్రతి వార్డు సభ్యుడికీ తన పని "మొదలైంది" అని చెప్పుకోవాలి. మొదలైంది అంటే సర్వేయర్ వెళ్లి నాలుగు కొలతలు తీస్తే చాలు, ఆ ఫొటో చాలు. ఆ తర్వాత అది ఎన్నాళ్లు పడుకున్నా అడిగేవాళ్లు తక్కువ. బడ్జెట్ సంవత్సరం చివరి రెండు నెలల్లో అన్నీ ఒక్కసారి లేస్తాయి.

సైట్‌బూట్లు గారు చెప్పిన గంటల సంగతి విన్నాక మా వాళ్ల చేత గంటలు రాయించే ఆలోచన మానుకున్నాను. మరి గంటలు లేకుండా ఎవరి మీద ఎంత భారం ఉందో ఎలా తెలుస్తుంది?

ఎక్సెల్_చాలు:

గంటలు అక్కర్లేదు, అరపూటలు చాలు. ఇంకా చెప్పాలంటే వారానికి ఎన్ని రోజులు అన్నది చాలు.

మేం చేసేది ఇది. ఒక షీట్, నిలువుగా మనుషుల పేర్లు, అడ్డంగా వచ్చే 12 వారాలు. ప్రతి గడిలో ఆ వారం ఆ మనిషి ఏ పనికి ఎన్ని రోజులు. ఇన్‌స్పెక్టర్లకి వారానికి 3 రోజులకి మించి వేయకూడదని గడికి షరతు పెట్టాం, మించితే రంగు మారుతుంది. అందరూ చూడగలరు, మార్చేది ఇద్దరే. సోమవారం ఉదయం నిలబడి మాట్లాడుకుంటాం, కుర్చీలు వేస్తే గంట అవుతుంది. ముందు నాలుగు వారాలు పేర్లతో కచ్చితంగా, ఆ తర్వాతి ఎనిమిది వారాలు "సర్వేయర్ ఎవరో ఒకరు" అన్నట్టు. ఎందుకంటే పది వారాల తర్వాత ఎవరు సెలవులో ఉంటారో దేవుడికే తెలియాలి.

వార్డు సభ్యుల సంగతికి మాకు ఈ షీట్ ప్రింటే ఉపయోగపడింది, ఏ సాఫ్ట్‌వేర్ ఛార్టూ పడలేదు. కొత్త పని అడిగినప్పుడు ఆ ప్రింట్ ముందు పెట్టి "సరే సార్, ఈ గడిలో ఏ పని తీసి దీన్ని పెట్టమంటారో చెప్పండి" అంటాం. గాంట్ ఛార్ట్ (పనుల్ని తేదీల మీద గీతలుగా చూపించేది) చూపిస్తే బాణాలు చూసి తల ఊపుతారు, పేరు ఉన్న గడి చూపిస్తే ఇంకో సభ్యుడి పని తీయాలని అర్థమవుతుంది, అప్పుడు బేరం వాళ్లలో వాళ్లకే పడుతుంది. ప్రతిసారీ మాట నెగ్గదు లెండి. కానీ నిర్ణయం తీసుకున్నది మనం కాదని కాగితం మీద ఉంటుంది.

గాంట్_గీత:

షీట్ మంచిదే, నేను కాదనను. కానీ ఒక టెండర్ మూడు వారాలు జారితే దాని వెనక ఉన్న సర్వే, తనిఖీలు, కొలతలు, బిల్లు అన్నీ చేత్తో జరపాలి. పది పనులకి చేస్తారు, 60కి చేయరు, రెండో నెలకే షీట్ పాతబడుతుంది. పనుల మధ్య లింకులు ఉండాలంటే ఏదో ఒక షెడ్యూలింగ్ ప్రోగ్రామ్ కావాలి, లైసెన్స్ డబ్బు అడగడం కష్టమైతే గాంట్‌ప్రాజెక్ట్ ఉచితం, మనుషుల భారం చూపించే ఛార్ట్ కూడా ఉంది, మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ ఫైళ్లు తెచ్చుకోవచ్చు. ప్రతి పనికీ 8 నుంచి 10 గీతలు దాటొద్దు: సర్వే, డిజైన్, అంచనా, మంజూరు, టెండర్, పని, చివరి కొలత, బిల్లు. కన్సల్టెంట్లు వందల గీతలు వేసేది ఫైల్ బరువుగా కనపడాలని.

పీసిక్స్_మాజీ:

ప్రైమవెరా గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి క్లుప్తంగా. అన్ని ప్రాజెక్టులూ ఒకే డేటాబేస్‌లో, మనుషుల జాబితా ఒకటే, కాబట్టి పూల్ ఫైల్ లింకులు తెగే బాధ ఉండదు. ఆ వరకు గొప్పది. ఒరాకిల్ 2008లో కొనుక్కుంది, పెద్ద కాంట్రాక్టర్లు చాలామంది ఇదే వాడతారు. కానీ దాన్ని నడపడానికి ఒక మనిషి పూర్తికాలం కావాలి, 17 మంది ఉన్న విభాగంలో ఒకర్ని దీనికి కూర్చోబెడితే మీ సామర్థ్యంలో అదే పెద్ద కోత.

మీకు అవసరం పడేది ఒక్కచోట, పెద్ద కాంట్రాక్టర్ ఎక్స్‌ఈఆర్ ఫైల్ (ప్రైమవెరా షెడ్యూల్ ఫైల్) పంపినప్పుడు తెరిచి చూడటానికి. పీడీఎఫ్ మాత్రమే తీసుకోకండి, అందులో లింకులు కనపడవు, తేదీలు బలవంతంగా కట్టేసి ఉన్నాయో లేదో తెలియదు. అయితే ఆ షెడ్యూల్‌లో ఉండేది వాళ్ల కూలీలు, వాళ్ల యంత్రాలు. మీ ఇన్‌స్పెక్టర్ అందులో ఉండడు. రెండూ ఒకే ఫైల్‌లో కలపాలని చూసి ఇబ్బంది పడినవాళ్లని చాలామందిని చూశాను.

డ్రైన్_గారు:

అందరికీ థ్యాంక్స్, ఇంత వస్తుందని అనుకోలేదు. పై అధికారికి రాస్తున్నది ఇది. ముందు 12 వారాల షీట్, అదీ అందరికీ కాదు, సర్వేయర్లు ఇద్దరికీ, క్యాడ్ మనిషికీ మాత్రమే, ఎందుకంటే ఏ పని ఆగినా ఆ ముగ్గురి దగ్గరే ఆగుతోంది. ఇన్‌స్పెక్టర్లకి కాంట్రాక్టర్ల మూడు వారాల ప్లాన్. గాంట్‌ప్రాజెక్ట్‌లో ఒక్కో పనికి ఎనిమిది గీతలు, వచ్చే బడ్జెట్ పనులకి మాత్రమే, పాతవి ఎక్కించను. కొనుగోలు ఏదీ ఇప్పుడు అడగడం లేదు, దాంతో ఆయన సగం ఒప్పుకున్నట్టే.

ఒక్క చిన్న ప్రశ్న మిగిలింది. ఆ షీట్‌ని మార్చే ఇద్దరు ఎవరైతే బాగుంటుంది? మా దగ్గర సీనియర్ ఇంజనీర్లు ఇద్దరూ "నాకే ఇవ్వండి" అంటున్నారు.

ఎక్సెల్_చాలు:

ఆ ఇద్దరికీ తప్ప ఎవరికైనా ఇవ్వండి :) సొంత పనులు ఉన్నవాళ్ల చేతికిస్తే సర్వేయర్ ఎప్పుడూ వాళ్ల గడుల్లోనే కనపడతాడు. మా దగ్గర ఒకటి టెండర్ల గుమాస్తా దగ్గర ఉంది, ఇంకోటి క్యాడ్ ఆవిడ దగ్గర.

సైట్‌బూట్లు:

క్యాడ్ ఆవిడకి ఇవ్వడం మంచి ఐడియా. తన క్యూ ఎంత పొడుగుందో తనకంటే బాగా ఎవరికి తెలుసు.